మైట్రల్ కవాటం జారడం: టెన్షన్ వల్లా, మెగ్నీషియం తగ్గడం వల్లా?

ఒక పాఠకురాలు అడిగారు: "ఎకో తీసి మైట్రల్ వాల్వ్ ప్రొలాప్స్ అన్నారు. టెన్షన్ వల్ల వచ్చిందని ఒకరు, మెగ్నీషియం తక్కువై వచ్చిందని ఇంకొకరు చెబుతున్నారు. ఏది నమ్మాలి?"

గుండె దడ వచ్చిన ప్రతి మనిషికీ ఇలాంటి సలహాలు నాలుగు వైపుల నుంచీ వస్తాయి. వాటిని తూచి చూడాలంటే ముందు ఆ కవాటం ఎలా పని చేస్తుందో తెలియాలి.

గుండెలో ఎడమవైపు పై గది అయిన కర్ణికకీ, కింది గది అయిన జఠరికకీ మధ్య ఉండే ఈ కవాటానికి రెండు రేకులు. వాటి నుంచి సన్నని తంతువులు దిగి, జఠరిక గోడ మీద లేచిన చిన్న కండరాలకు అతుక్కుంటాయి. పారాచూట్‌ని ఊహించుకోండి. గుడ్డ అంటే రేకులు, తాళ్లు అంటే తంతువులు, కింద వేలాడే మనిషి ఆ కండరం. జఠరిక ముడుచుకోగానే రక్తం గుడ్డను పైకి తోస్తుంది, తాళ్లు పట్టి ఆపుతాయి. కొందరిలో గుడ్డ కాస్త పెద్దది, తాళ్లు కాస్త పొడవు. మనిషి బాగా కిందికి ఉన్నంతసేపు ఇబ్బంది లేదు. అతను పైకి జరిగాడా, తాళ్లు వదులై గుడ్డ కర్ణికలోకి ఉబ్బుతుంది. దీన్నే ప్రొలాప్స్ అంటారు. జఠరికలో రక్తం తగ్గి ఆ గది చిన్నదైనప్పుడు అచ్చంగా ఇదే జరుగుతుంది. ఉబ్బిన రేకును తాళ్లు ఒక్కసారిగా బిగబట్టినప్పుడు స్టెతస్కోపులో 'క్లిక్' వినిపిస్తుంది.

రోగిని నిలబెడితే గుండెకు తిరిగి వచ్చే రక్తం తగ్గుతుంది, క్లిక్ ముందుగా వినిపిస్తుంది. గొంతుక్కూర్చోబెడితే ఆలస్యమవుతుంది. వైద్య విద్యార్థులు దీన్ని బట్టీ పడుతుంటారు. పారాచూట్ బొమ్మ ఒకటి గీసి చెబితే జన్మలో మరచిపోరు! ఈ శబ్దాలు గుండె బయటి నుంచి వస్తాయని ఒకప్పుడు అనుకునేవారు. మైట్రల్ కవాటం నుంచే వస్తాయని 1963లో జొహన్నెస్‌బర్గ్ వైద్యుడు జాన్ బార్లో చూపించాడు.

ఇక హార్మోన్ల సంగతి. భయపడ్డప్పుడు వచ్చే అడ్రినలిన్ గుండెను వేగంగా, గట్టిగా కొట్టిస్తుంది. నిండడానికి సమయం చాలక జఠరిక చిన్నదవుతుంది, తాళ్లు వదులవుతాయి. ఒంట్లో ఉప్పునీ నీటినీ నిలిపే ఆల్డోస్టిరాన్ తగ్గినా, డీహైడ్రేషన్ అయినా ఫలితం అదే. గర్భిణుల్లో రక్త పరిమాణం పెరుగుతుంది కాబట్టి క్లిక్ తరచుగా తగ్గిపోతుంది.

మెగ్నీషియం నాడుల చివర్లో కాల్షియానికి అడ్డుపడి అడ్రినలిన్ జాతి రసాయనాల విడుదలను తగ్గిస్తుంది. 1997లో వచ్చిన ఒక పరిశోధనలో, బాధలు ఎక్కువగా ఉన్న ప్రొలాప్స్ రోగుల్లో చాలామందికి రక్తంలో మెగ్నీషియం తక్కువగా ఉంది. మాత్రలు ఇచ్చాక వారి దడ, నీరసం, ఆందోళన తగ్గాయి. చిన్న అధ్యయనమే అయినా ఆసక్తికరం. అయితే తగ్గింది బాధ, రేకులు బాగుపడలేదు. రేకు మధ్య పొరలో ప్రొటియోగ్లైకాన్లు అనే జిగురు పదార్థాలు పేరుకుని, దానికి బలమిచ్చే కొల్లాజెన్ పోగుల అల్లిక చెదిరి, గుడ్డ సాగుతుంది. దీని వెనుక తరచుగా వంశపారంపర్యం ఉంటుంది. ఏ మాత్రా దాన్ని వెనక్కి తిప్పలేదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారిలో మెగ్నీషియం పేరుకుని ప్రమాదం కాగలదు, సొంతంగా వాడకూడదు.

మనసు మాటకొస్తే, ప్రొలాప్స్‌కీ పానిక్‌కీ (ఉన్నట్టుండి ముంచెత్తే తీవ్ర భయానికీ) గట్టి సంబంధం ఉందని ఒకప్పుడు తెగ రాశారు. ఆ లెక్కల్లో పెద్ద లోపం ఉంది. కవాటం చుట్టూ ఉన్న వలయం చదునుగా ఉండదు, వంపు తిరిగి ఉంటుంది. ఎకోలో ఒక కోణం నుంచి చూస్తే మామూలు రేకు కూడా జారినట్టే కనిపిస్తుంది. 1980ల చివర్లో అమెరికా హృద్రోగ నిపుణుడు రాబర్ట్ లెవిన్ బృందం ఇది నిరూపించింది. కొలత సరిదిద్దాక, 1999లో ఫ్రేమింగ్‌హామ్ అధ్యయనం (అమెరికాలో ఒక ఊరి జనాన్ని ఏళ్ల తరబడి గమనిస్తున్న గుండె పరిశోధన) ప్రొలాప్స్ 2.4 శాతం మందిలోనే ఉందని తేల్చింది. ఛాతీనొప్పి, ఆయాసం కూడా మిగతావారికంటే వీరిలో ఎక్కువేమీ కనిపించలేదు. కాబట్టి "నీది టెన్షన్ గుండె" అని ముద్ర వేయడం అన్యాయం. అప్పటికే జారుతున్న కవాటాన్ని టెన్షన్ కాసేపు ఎక్కువ ఉబ్బించగలదు, లేని ప్రొలాప్స్‌ని పుట్టించదు.

ఆ పాఠకురాలికి నా సలహా: రిపోర్టు తీసుకెళ్లి మూడు విషయాలు అడగండి. రేకు వలయాన్ని దాటి 2 మిల్లీమీటర్లకు మించి జారిందా, దాని మందం 5 మిల్లీమీటర్లు దాటిందా, రక్తం వెనక్కి ఎంత లీకవుతోంది. స్పృహ తప్పడం, నడిస్తే ఆయాసం ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా కార్డియాలజిస్టును కలవండి.