కొంగల్ని తర్వాత చూద్దాం, ముందు బురద చూడండి

చెన్నైలో ఆర్.ఏ.పురం పక్కన తొల్కాప్పియ పూంగా ఉంది కదా, అడయార్ పూంగా అన్నా చెప్తారు. పూంగా అంటే తమిళంలో పార్కు, ఇది అడయార్ నది సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో ఉన్న 58 ఎకరాల చిత్తడి నేల. ఒకప్పుడు అక్కడ కూలగొట్టిన బిల్డింగుల మట్టీ, ఇటుకలూ, చెత్తా పోసి, డ్రైనేజీ కూడా వదిలేసి మొత్తం పాడుచేశారు. తర్వాత ఆ చెత్తంతా తవ్వి తీసేసి, సముద్రం పోటుకి నీళ్లు మళ్లీ లోపలికి వచ్చేలా చేసి, ఇక్కడి నేలకి అలవాటైన మొక్కలే నాటి 2011 జనవరిలో ఓపెన్ చేశారు. చెన్నై రివర్స్ రెస్టొరేషన్ ట్రస్ట్ చూసుకుంటుంది, స్కూల్ పిల్లల్ని లోపల తిప్పి పాఠాలు చెప్పిస్తుంది. మన తెలుగువాళ్లం ఈ ఊళ్లో ఇంతమందిమి ఉన్నాం, పిల్లల్ని మెరీనాకి తీసుకెళ్తాం గానీ దీని గురించి స్కూల్లో అడిగేవాళ్లు తక్కువే.

వెళ్లిన పిల్లలంతా కొంగల్నీ నీటికాకుల్నీ చూసి సంబరపడతారు, పడాలి కూడా. కానీ నన్నడిగితే అసలు క్లాస్‌రూమ్ ఆ బురదే.

ఇలాంటి చోట బురద పైపొర గోధుమరంగులో ఉంటుంది, పుల్లతో కాస్త గీరితే కింద నల్లగా. మా అక్క కూతురు అయితే ముక్కు మూసుకుని "పిన్నీ, కుళ్లిన గుడ్డు కంపు!" అంది, కరెక్టే, రెండూ ఒకటే గ్యాస్, హైడ్రోజన్ సల్ఫైడ్. పైపొరకి గాలి తగులుతుంది కాబట్టి అందులో ఇనుము తుప్పు రంగులో ఉంటుంది. కిందకి ఆక్సిజన్ దిగదు, అక్కడి బాక్టీరియా సముద్రపు నీళ్లలో ఉండే సల్ఫేట్‌తో పని గడుపుకుంటాయి, అప్పుడు పుట్టేదే ఈ గ్యాస్, అది ఇనుముతో కలిస్తే నల్లటి ఐరన్ సల్ఫైడ్ అవుతుంది. అదే బురదలో ఇంకో రకం బాక్టీరియా మురుగుతో వచ్చిన నైట్రేట్‌ని నైట్రోజన్‌గా మార్చి గాల్లోకి వదిలేస్తాయి, అంటే నీళ్లు శుభ్రపడే పనిలో పెద్ద భాగం కంటికి కనిపించని చోటే జరిగిపోతుంది.

మరి ఆక్సిజన్ లేని ఆ మట్టిలో చెట్టు వేరు ఎలా బతుకుతుంది? మడ చెట్టు కింద చూస్తే తెలుస్తుంది, బురదలోంచి పెన్సిళ్లలాగా వేళ్లు నిటారుగా పైకి పొడుచుకొచ్చి ఉంటాయి, వాటి మీద సన్నటి రంధ్రాలుంటాయి, చెట్టు గాలి పీల్చి కింది వేళ్లకి పంపేది వాటితోనే. తెల్లమడ ఆకుని దగ్గరగా చూస్తే ఎండలో ఉప్పు గింజలు మెరుస్తాయి, పీల్చిన నీళ్లలో ఎక్కువైన ఉప్పుని ఆకు బయటికి తోసేస్తుందన్నమాట. మన కోరింగలోనూ ఇవే మడలు.

అయితే ఇది ఒక్కసారి బాగుచేసి వదిలేసే పని కాదండీ. ఈ తీరం వెంబడి అలలు ఇసుకని మోసుకొస్తూనే ఉంటాయి, పోటు ఎత్తు తక్కువ, వానల్లేని నెలల్లో నదిలో పారే నీళ్లూ తక్కువ, దాంతో అడయార్ నది సముద్రంలో కలిసే చోట ఇసుక మేట వేసి దారి మూసుకుపోతుంటుంది. దారి మూసుకుంటే పోటు లోపలికి రాదు, నీళ్లు నిలవైపోతాయి, మురుగు చేరితే ఆక్సిజన్ పడిపోతుంది. పిల్లలకి ఇది కూడా చూపించాలి, పచ్చదనం ఒక్కటే చూపిస్తే సగం పాఠమే.

పూంగాలోంచి బురద తేవద్దు గానీ, ఇంటి దగ్గర ఏ చెరువు బురదైనా గ్లవ్స్ వేసుకుని కొంచెం తెచ్చుకుని, చింపిన న్యూస్‌పేపరూ ఒక గుడ్డు పచ్చసొనా కలిపి, పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ బాటిల్లో నింపండి. పైన కాస్త నీళ్లు పోసి, మూత వదులుగా పెట్టి (లోపల గ్యాస్ పుడుతుంది, బిగించొద్దు) వెలుతురు బాగా వచ్చే కిటికీలో ఉంచండి. వారాలు గడిచేకొద్దీ కింద నల్ల పొర, పైన ఆకుపచ్చ, మధ్యలో ఒక్కోసారి ఊదారంగు పొర కడతాయి. ఆ ఊదా బాక్టీరియా వెలుతురు సాయంతో ఆ కంపు గ్యాస్‌నే వాడుకుని బతుకుతాయి. 1880ల్లో రష్యన్ సైంటిస్ట్ వినోగ్రాడ్‌స్కీ మొదలుపెట్టిన పద్ధతి ఇది, వాసన వస్తుంది కాబట్టి బాల్కనీ అయితే మేలు.