అమ్మ బిళ్ళ మానేసింది, ఏమవుతుంది తాతా?

నరసన్నపేట

చిరంజీవులు చిన్నమ్మికి, బుజ్జికి, మీ ఈడు పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

చిన్నమ్మీ, మొన్న ఫోనులో నువ్వు గుసగుసగా అడిగినదానికి సగం జవాబే చెప్పగలిగాను. పక్కగదిలో అమ్మ ఉందన్నావు కదా. మిగతా సగం ఇది. అమ్మ చూసినా ఫరవాలేదు, ఆమె చాటున చెప్పాల్సినది ఇందులో ఏమీ లేదు.

అమ్మ బీపీ బిళ్ళ మానేసి సంతలో కొన్న పొడి తాగుతోందని, ఆమె నిద్రపోతుంటే ఊపిరి ఆడుతోందో లేదోనని నువ్వు అర్ధరాత్రి లేచి చూస్తున్నావని చెప్పావు. ముందు ఆ రాత్రి కాపలా మానెయ్. కనిపెట్టాల్సినవి వేరే ఉన్నాయి. గుండెలో పట్టేసినట్టు నొప్పి, మూతి ఒక పక్కకి పోవడం, ఒక చెయ్యో కాలో పట్టు తప్పడం, మాట ముద్దగా రావడం, ఎప్పుడూ లేనంత తలనొప్పి. వీటిలో ఏది కనబడినా నాన్న కోసం, నా ఫోను కోసం చూడకుండా 108కి చెయ్. ఇవేవీ లేకపోతే నువ్వు పడుకోవచ్చు.

ఇక అమ్మ ఎందుకు మానేసిందో చూద్దాం. నాతో ఒకసారి అంది కూడా: "ఏటి నాన్నా, ఈ బిళ్ళలు మింగి మింగి ఉన్న కిడ్నీలు కాస్తా పోతాయంట." దాన్ని తెలివితక్కువ మాట అని నేను అనను. ఆమె కాపురం చేస్తున్నది ఉద్దానంలో. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు ఏ వీధికెళ్ళినా డయాలసిస్ చేయించుకుంటున్న మనిషో, అలా పోయిన మనిషో ఉంటారు. కిడ్నీలు దెబ్బతింటే రక్తంలో పెరిగే క్రియాటినిన్ అనే మాట అక్కడ బడి గడప తొక్కని ముసలమ్మకి కూడా తెలుసు. షుగర్ లేనివాళ్ళకి, ఏ చెడు అలవాటూ లేనివాళ్ళకి కూడా కిడ్నీలు దెబ్బతింటున్నాయి. ఏళ్ళ తరబడి పరిశోధనలు జరుగుతున్నా ఇదీ కారణమని తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. కారణం తెలియని జబ్బు పక్కింట్లో ఉంటే మనిషి నీళ్ళని అనుమానిస్తాడు, పురుగుమందుని అనుమానిస్తాడు, చివరికి చేతిలో ఉన్న బిళ్ళని కూడా అనుమానిస్తాడు.

కాకపోతే అనుమానించాల్సిన బిళ్ళ ఒకటైతే అమ్మ మానేసింది ఇంకొకటి. కిడ్నీకి కీడు చేసే బిళ్ళలు నిజంగానే ఉన్నాయి. అవి ఒళ్ళునొప్పులకి, నడుంనొప్పికి కిళ్ళీకొట్లో కూడా దొరికేవి, డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి. అవి కిడ్నీలోకి రక్తం వెళ్ళే దారిని ఇరుకు చేస్తాయి. ఎండలో కొబ్బరితోటలో పనిచేసి, చెమటకి ఒళ్ళు ఎండిపోయి, సరిగ్గా నీళ్ళు తాగకుండా రాత్రికి ఆ బిళ్ళ వేసుకుంటే దెబ్బ ఇంకా గట్టిగా పడుతుంది. ఏ చీటీ లేకుండా రోజూ ఇవి మింగేవాళ్ళు మందుల కౌంటర్ దగ్గర నాకు ఎందరో తగిలారు. వాళ్ళలో చాలామంది బీపీ బిళ్ళ అంటే మాత్రం భయపడేవాళ్ళు! కిడ్నీలో రక్తాన్ని వడకట్టేవి సన్నని రక్తనాళాల చుట్టలు. బీపీ ఎక్కువగా ఉంటే అవి ఏళ్ళ మీద గట్టిపడి పనిచెయ్యడం మానేస్తాయి. బీపీ బిళ్ళ ఆ ఒత్తిడిని తగ్గిస్తుంది.

ఇందులో ఒక చిక్కు ఉంది. రామిప్రిల్, టెల్మిసార్టన్ లాంటి బీపీ మందులు మొదలుపెట్టిన కొత్తలో క్రియాటినిన్ కాస్త పెరగొచ్చు. 30 శాతం దాకా పెరిగినా డాక్టర్లు సాధారణంగా కంగారుపడరు, పొటాషియం కూడా చూసి మందు కొనసాగిస్తారు. ఎందుకంటే మూత్రంలో ప్రొటీన్ పోతున్నవాళ్ళకి ఆ మందు ముందుముందు కిడ్నీని కాపాడుతుంది. రిపోర్టులో ఆ అంకె ఒక్కటే చూసినవాళ్ళు "చూశావా, బిళ్ళ వల్లే పెరిగింది" అని పడేస్తారు. అలాగని ఇవే మందుల్ని వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు నాలుగు రోజులు ఆపమని డాక్టరే చెప్పే సందర్భాలూ ఉంటాయి. ఎప్పుడు ఆపాలో తెలియడం కూడా వైద్యంలో భాగమే.

అమ్మ వేసుకునేది అటెనొలాల్, అమ్లోడిపిన్ కలిపిన బిళ్ళ అని చీటీ ఫోటోలో చూశాను. ఆ రెండింటి నడక వేరువేరు. గుండెని వేగంగా కొట్టుకోమని కబురు పెట్టేది అడ్రినలిన్, గుండె మీద దాని పట్టుని అటెనొలాల్ తగ్గిస్తుంది. నెలల తరబడి అలా తగ్గిస్తుంటే, ఆ కబురు అందుకునే గ్రాహకాలను శరీరం ఎక్కువ చేసుకుంటుంది. అప్పుడు బిళ్ళని ఒక్కసారిగా ఆపితే మామూలు అడ్రినలిన్‌కే గుండె దడదడలాడుతుంది, బీపీ ఎగురుతుంది. గుండెజబ్బు ఉన్నవాళ్ళకి నొప్పి కూడా రావచ్చు. అందుకే దీన్ని ఆపాల్సి వస్తే డాక్టర్లు రోజుల మీద, వారాల మీద తగ్గించుకుంటూ వస్తారు. అమ్లోడిపిన్ నిదానం మనిషి. ఒంట్లో ఉన్నదాంట్లో సగం పోవడానికే 30 నుంచి 50 గంటలు పడుతుంది. కాబట్టి "మానేసి మూడు రోజులైంది, శుభ్రంగానే ఉన్నాను" అంటే ఆ శుభ్రం ఇంకా పాత బిళ్ళదే. థైరాయిడ్ బిళ్ళ అయితే మరీను, సగం పోవడానికే వారం. మానేసిన వారం ఏమీ అనిపించదు, నెల తిరిగేసరికి మనిషి నీరసపడిపోతుంది, అప్పటికి కారణమేమిటో ఎవరికీ గుర్తుండదు.

మీలో ఎవరి ఇంట్లోనైనా ఫిట్స్ మందు వాడేవాళ్ళు ఉంటే ఇంకొంచెం గట్టిగా చెప్పాలి. అది చటుక్కున ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదకి తేవచ్చు. నిద్రకోసం, టెన్షన్ కోసం ఇచ్చే అల్ప్రాజొలామ్ చాలాకాలం వేసుకుని ఒక్కసారిగా ఆపినా అంతే, అంతకుముందు ఎన్నడూ ఫిట్స్ లేనివాళ్ళకి కూడా రావచ్చు. దిగులుకిచ్చే మందులు ఆపితే తల తిరగడం, చిరాకు, నిద్ర పట్టకపోవడం, తలలో కరెంటు కొట్టినట్టు ఝల్లుమనడం ఉంటాయి. అది చూసి "నాకు జబ్బు తిరగబెట్టింది" అని కొందరు, "మందుకి బానిసనైపోయాను" అని కొందరు బెదిరిపోతారు. చాలాసార్లు ఆ రెండూ కావు, మెల్లగా తగ్గించుకుంటే తేలిగ్గా గడుస్తుంది. టైప్ వన్ షుగర్ ఉన్న పిల్లలకి ఇన్సులిన్ మానిపించి కషాయం పట్టే పెద్దమనిషి ఎవరైనా తగిలితే మర్యాద పక్కనపెట్టి అడ్డుపడండి, పెద్దవాళ్ళని ఎదిరించారని నేను కోప్పడను. ఇన్సులిన్ లేకపోతే ఆ పిల్లలు రోజుల్లోనే ప్రమాదంలో పడతారు.

సరే, సంతపొడి. "నొప్పులు, బీపీ, షుగర్ అన్నిటికీ ఒకటే" అని అమ్మినట్టు చెప్పావు. అన్నిటికీ ఒకటే అన్న మాట వినగానే నాకు ముందు స్టెరాయిడ్ గుర్తొస్తుంది. చెట్లమందు పేరుతో అమ్మే కీళ్ళనొప్పుల పొడుల్లో, మాత్రల్లో డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్లు కలిపి ఉండటం మన దేశంలో పరీక్షల్లో ఎన్నోసార్లు బయటపడింది. అవి వేసుకున్న రెండు రోజులకే నొప్పి మాయమవుతుంది, ఆకలి పుడుతుంది, ఒంటికి హుషారు వస్తుంది. కొన్నాళ్ళకి మొహం గుండ్రంగా ఉబ్బుతుంది, షుగరు, బీపీ పెరుగుతాయి, చర్మం పల్చబడి ఊరికే కమిలిపోతుంది. అమ్మ మొహం ఈమధ్య నిండుగా ఉందని బుజ్జి సంబరంగా చెప్పాడు, నాకైతే ఆ మాటకి సంబరం కలగలేదు.

అదే నిజమైతే ఆ పొడిని కూడా టపీమని ఆపించకూడదు. కిడ్నీల మీద చిన్న టోపీల్లా రెండు గ్రంథులుంటాయి, మనకి కావలసిన స్టెరాయిడ్‌ని రోజూ అవే తయారుచేస్తాయి. బయటినుంచి మూడు నాలుగు వారాలకు మించి వస్తుంటే, వంటమనిషి వచ్చిన ఇంట్లో పొయ్యి ముట్టించడం మరిచిపోయినట్టు, అవి పని మానేస్తాయి. పొడి ఒక్కసారిగా ఆగితే విపరీతమైన నీరసం, వాంతులు, కళ్ళు తిరిగి పడిపోవడం, బీపీ పడిపోవడం. కాబట్టి కోపంతో దాన్ని చెత్తకుప్పలో పోసెయ్యకు. మిగిలిన పొట్లం డాక్టరు చూడాలి, ఎన్నాళ్ళుగా తాగుతోందో అమ్మే చెప్పాలి.

"చెట్టుమందుకి సైడ్ ఎఫెక్టులుండవు" అంటారు చూడు, ఆ మాట మూలికలకే అవమానం అనిపిస్తుంది నాకు. పనిచేసే మూలిక ఏదైనా మందే. సర్పగంధి వేరు రక్తపోటు తగ్గిస్తుందని 1931లో గణనాథ్ సేన్, కార్తీక్ బోస్ రాశారు. 1949లో ముంబై డాక్టరు రుస్తుమ్ జల్ వకీల్ దాన్ని బీపీ రోగులకిచ్చి, ఫలితాన్ని బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో వేయించాడు. 1952లో ఆ వేరునుంచి రిసర్పిన్ అనే పదార్థాన్ని విడదీశారు. మన నేల వేరు ప్రపంచానికి బీపీ మందైంది. దాంతోపాటు కొందరికి దిగులు తెచ్చిపెట్టిందనీ బయటపడింది.

కిడ్నీ సంగతైతే ఇంకా బరువైనది. 1990ల మొదట్లో బెల్జియంలోని బ్రసెల్స్‌లో సన్నబడటానికి మూలికల మాత్రలు వాడిన ఆడవాళ్ళకి వరసగా కిడ్నీలు పోయాయి. చివరికి లెక్క వంద దాటింది. ఒక చైనా మూలిక బదులు పొరపాటున అరిస్టొలోకియా జాతి మొక్క వాటిలో కలిసింది. అందులోని అరిస్టొలోకిక్ ఆమ్లం కిడ్నీలను దెబ్బతీస్తుంది, మూత్రనాళాల్లో క్యాన్సర్ కూడా తెస్తుంది. మనవైపు పాముకాటుకని నూరిపోసే ఈశ్వరి వేరు ఆ జాతిదే. ఉద్దానం జబ్బుకి అదే కారణమని నేను అనడం లేదు, అలా ఎవరూ తేల్చలేదు. కిడ్నీ భయంతో బిళ్ళ మానేసిన మనిషి, పేరు తెలియని వేరు పొడిని నమ్మి తాగకూడదనే చెబుతున్నాను. కరోనా రోజుల్లో ఊరంతా తిప్పతీగ కషాయం తాగింది కదా, 2021లో ముంబై వైద్యులు కొందరు రోగుల్లో దానివల్ల లివర్ దెబ్బతిందని రాశారు. ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు, అది అలాంటిదే వేరే తీగ అయి ఉండవచ్చంది. ఎవరి మాట నిజమైనా, కోసుకొచ్చిన తీగ ఏదో తాగేవాడికి తెలియదు కదా.

మరి పసరుతో కామెర్లు తగ్గినవాళ్ళు ఊళ్ళో ఉన్నారే అంటావు. ఉన్నారు. నీళ్ళవల్ల వచ్చే హెపటైటిస్ ఎ కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. ఆ వారాల్లో పసరు తాగితే పేరు పసరుకి. అదే కామెర్లు హెపటైటిస్ బి వల్లో, పిత్తనాళంలో రాయి వల్లో వస్తే పసరు కోసం తిరిగిన వారాలు వృథా.

వంటింటి సంగతి వేరు. మిరియాల చారుకి, తులసి ఆకుకి, కూరలో వెల్లుల్లికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. వాటినే గ్లాసుల లెక్కన, మాత్రల లెక్కన రోజూ తీసుకుంటే అప్పుడు అడగాలి. గ్లిమెపిరైడ్ అనే షుగర్ బిళ్ళ వేసుకునే మనిషి పైన గ్లాసుడు కాకరరసం, మెంతులు పట్టిస్తే షుగర్ మరీ పడిపోవచ్చు. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళు వెల్లుల్లి మాత్రల గురించి చెప్పాలి. అతిమధురం రోజూ ఎక్కువగా తీసుకుంటే బీపీ పెరిగి పొటాషియం పడిపోతుంది. మీ ఉద్దానంలో చేదైన మాట ఇంకొకటి ఉంది: కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్ళకి కొబ్బరినీళ్ళు మంచివి కావు, అందులో పొటాషియం ఎక్కువ, దెబ్బతిన్న కిడ్నీ దాన్ని సరిగ్గా బయటికి పంపలేదు. తోట నిండా కాయలున్న మనిషికి ఈ మాట చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు.

ఆయుర్వేదం వద్దని కాదు. చదువుకున్న వైద్యుడి దగ్గరికి వెళ్ళమను, వాడుతున్న బిళ్ళలన్నీ ఆయనకి చూపించమను. కంపెనీ మందైతే సీసా మీద లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, అందులో ఏముందో ఉండాలి, అది చట్టం. సీసా ఉన్నంతమాత్రాన నిశ్చింత లేదనుకో. 2004లో అమెరికాలోని బోస్టన్ ప్రాంతపు దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద మందుల్ని పరీక్షిస్తే పద్నాలుగింటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్ లాంటివి దొరికాయి. ఇక కాగితపు పొట్లం మీద ఎవరి పేరూ ఉండదు, ఏదన్నా అయితే వచ్చే సంతకి ఆ మనిషీ ఉండడు.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది. అమ్మతో వాదం పెట్టుకోకు. బిళ్ళ నూరి కూరలో కలిపెయ్యనా అని అడిగావు, వద్దు. తెలిసిన రోజున ఆమె నిన్నూ నమ్మదు, బిళ్ళనీ నమ్మదు. మానేసిన రోజులకి కలిపి రెండేసి మింగడం కూడా వద్దు. మధ్యలో ఇన్నాళ్ళు ఆగాక ఏ మోతాదుతో మొదలుపెట్టాలో డాక్టరే చెప్పాలి. ఇంట్లో ఉన్న బిళ్ళలు, పొడి, నొప్పి మాత్రలు, పాత చీటీలు అన్నీ ఒక సంచిలో వేసి సోమవారమే పీహెచ్‌సీకి తీసుకెళ్ళండి. నాన్నకి కుదరకపోతే నేను బస్సెక్కి వస్తాను. "కిడ్నీలు పోతాయని భయమేసి మానేశాను" అని అమ్మ ఉన్నదున్నట్టు చెప్పాలి. అది చెబితేనే డాక్టరు క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ పరీక్షలు రాసి, భయం ఏపాటిదో అంకెల్లో చూపించగలడు. వేరే బిళ్ళకి మార్చమని అడిగే హక్కు కూడా ఆమెకుంది. అటెనొలాల్ ఒక్కటే దిక్కు కాదు.

అప్పటిదాకా బీపీ మిషన్‌తో అమ్మ వెంటపడకు. నువ్వు కంగారుగా పట్టీ చుట్టిన ప్రతిసారీ ఆమె కంగారుకే అంకె పెరుగుతుంది, అది చూసి నీకు ఇంకా టెన్షన్. పొద్దున, సాయంత్రం చాలు. కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలమీద పెట్టి, మాటల్లేకుండా ఐదు నిమిషాలు కూర్చున్నాక చూడు. నిమిషం ఆగి రెండోసారి చూసి రెండూ రాసిపెట్టు. పై అంకె 180 దాటో, కింది అంకె 120 దాటో రెండుసార్లూ వస్తే సోమవారం దాకా ఆగొద్దు, అప్పుడే తీసుకెళ్ళండి.

బుజ్జీ, జలుబుకి అల్లం తులసి కషాయం తాగొచ్చా అని అడిగావు. తాగు, తేనె కూడా కలుపుకో. పిన్ని పాపకి మాత్రం తేనె నాకించకండి. ఏడాది నిండని పిల్లలకి తేనెలోని ఒక సూక్ష్మజీవి వల్ల ఒళ్ళు చచ్చుబడే జబ్బు రావచ్చు. మామ్మ ఒప్పుకోదు, మేమంతా నాకినవాళ్ళమే అంటుంది. నాకు ఫోను కలిపి ఇవ్వండి, నేను మాట్లాడతాను.

ఉంటాను.
మీ తాతయ్య