పడమటి కిటికీకి తెర ఎటువైపు కట్టాలి?

రాజాం నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "పడమటి గదికి దళసరి నల్ల కర్టెన్లు వేయించాం. గది చీకటైంది కానీ వేడి తగ్గలేదు. సాయంత్రం కర్టెన్ పక్కన నిలబడితే సెగ కొడుతోంది. బట్ట మార్చాలా?"

ముందు మార్చాల్సింది చోటు. తెర గాజుకి లోపల ఉందా, బయట ఉందా అన్నది తేలాకే బట్ట సంగతి, రంగు సంగతి.

నేలకు చేరే ఎండలో దాదాపు సగం శక్తి కంటికి కనబడని పరారుణ కిరణాలదే. అయితే వాటిలో చాలా భాగం తరంగదైర్ఘ్యం రెండున్నర మైక్రాన్ల లోపే (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్). మామూలు కిటికీ గాజు అంతవరకు ధారాళంగా దారి ఇస్తుంది. సూటిగా పడిన ఎండలో నూటికి ఎనభై పాళ్లకు పైగా లోపలికి వదిలేస్తుంది. ఆ ఎండను నల్ల బట్ట పీల్చుకుని వేడెక్కుతుంది. 47 డిగ్రీలకు చేరిందనుకుందాం. వేడిగా ఉన్న ప్రతి వస్తువూ కిరణాలు వెదజల్లుతుంది. అవి ఏ తరంగదైర్ఘ్యం దగ్గర ఎక్కువ ఉధృతంగా ఉంటాయో తెలియాలంటే 2898ని ఆ వస్తువు కెల్విన్ ఉష్ణోగ్రతతో (సెల్సియస్ డిగ్రీలకు 273 కలిపితే వచ్చేది) భాగిస్తే చాలు, మైక్రాన్లలో జవాబు వస్తుంది. ఇది వీన్ నియమం. సూర్యుడి ఉపరితలం 5,800 కెల్విన్లు, కాబట్టి అర మైక్రాన్. మన కర్టెన్ 320 కెల్విన్లు, కాబట్టి 9 మైక్రాన్లు. అర మైక్రాన్‌ని ఆపని ఆ గాజే 9 మైక్రాన్లని రవ్వంత కూడా బయటికి పోనివ్వదు. తానే పీల్చుకుని వేడెక్కి, అందులో కొంత మళ్లీ గదిలోకే పంపుతుంది. వెలుగు వేడిగా మారే చోటు గాజుకి ఇవతల ఉంటే ఆ వేడి గదిది, అవతల ఉంటే వీధిగాలిది.

బడిలో గ్రీన్‌హౌస్ (మొక్కలు పెంచే గాజు ఇల్లు) పాఠాన్ని ఇక్కడికే ఆపేస్తుంటారు. పిల్లలకు మిగతా సగం కూడా చెప్పి తీరాలి. 1909లో అమెరికా భౌతికశాస్త్రవేత్త ఆర్. డబ్ల్యూ. వుడ్ రెండు పెట్టెల్లో ఒకదానికి గాజు మూత, రెండోదానికి పరారుణాన్ని తనగుండా పోనిచ్చే రాతి ఉప్పు పలక మూత పెట్టి ఎండలో ఉంచాడు. రెండూ దాదాపు ఒకేలా వేడెక్కాయి. వేడిగాలి పైకి పోకుండా ఆగిపోవడమే అక్కడ పెద్ద కారణమని తేలింది. కర్టెన్ దగ్గర కూడా గాలి పాత్ర చాలా ఉంది. గాజుకీ వేడెక్కిన బట్టకీ మధ్య ఉన్న సందు పొగగొట్టంలా పనిచేస్తుంది: వేడిగాలి పైకి లేచి కర్టెన్ రాడ్ మీదుగా గదిలోకి వస్తుంది, కింది నుంచి గదిగాలి సందులోకి దూరుతుంది, మళ్లీ వేడెక్కుతుంది. ఎండ ఉన్నంతసేపూ ఈ తిరుగుడు ఆగదు.

ఎంత వేడి? మే నెల మధ్యలో సాయంత్రం నాలుగింటికి, నాలుగడుగుల చదరపు కిటికీ నుంచి సుమారు ఐదారు వందల వాట్లు. టన్ను ఏసీ తోడగలిగేది 3,500 వాట్లు, అంటే ఒక్క కిటికీకే దాని శక్తిలో ఆరో వంతు పోతోంది.

"సన్‌షేడ్ ఉంది కదా" అంటారు. ఉంది, కానీ ఆ వేళకు సూర్యుడు క్షితిజానికి 31 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అడుగున్నర సన్‌షేడ్ నీడ కిటికీ మీద పదకొండు అంగుళాలు దిగుతుంది, అంతే. నాలుగడుగుల కిటికీ మొత్తం కప్పాలంటే ఆరున్నర అడుగులు ముందుకు రావాలి. పాత పెంకుటిళ్ల వసారా వెడల్పు, తల వంచి లోపలికి వెళ్లాల్సినంత కిందికి దిగిన చూరు చేసిన పని అదే.

దక్షిణపు కిటికీకి మాత్రం ఎండాకాలంలో ఆ చిన్న సన్‌షేడే చాలు. శ్రీకాకుళం 18.3 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే 13 ప్రాంతంలో మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అప్పటి నుంచి జూలై ఆఖరుదాకా మనకు ఉత్తరంగానే దాటుతాడు. ఉత్తరపు కిటికీకి ఎండే రాదన్న మాట ఇక్కడ ఆ రెండున్నర నెలలూ చెల్లదు. ఉదయం, సాయంత్రం ఏటవాలుగా పడుతుంది. రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయంటే అందులో నక్షత్రం మహిమ ఏమీ లేదు. సూర్యుడు నెత్తిమీద, పగలు పదమూడు గంటలు, వాన ఇంకా రాలేదు.

ఇక తెర. పడమటి కిటికీకి బయట వెదురు తెరగానీ, నర్సరీల్లో వాడే, ఎండలో 75 శాతం ఆపే షేడ్‌నెట్‌గానీ కట్టండి. నెట్ అయితే యూవీ తట్టుకునే రకం అడిగి తీసుకోండి, లేకపోతే ఎండకు పిప్పి అయిపోతుంది. వెడల్పు కిటికీ కంటే రెండు పక్కలా అరడుగు చొప్పున ఎక్కువ ఉండాలి, కిందికి కిటికీ గట్టు దాకా రావాలి. గాజుకి ఆనించి కట్టడమే ఎక్కువమంది చేసే పొరపాటు. వేడెక్కిన నెట్ కూడా 9 మైక్రాన్ల కిరణాలే వదులుతుంది, గాజు వాటిని పీల్చుకుంటుంది. కనీసం అరడుగు ఎడం ఉండి, పైనా కిందా గాలి ఆడాలి. సన్‌షేడ్ అంచుకు మూడంగుళాలు లోపలగా, అడుగుకొక కొక్కెం చొప్పున అడుగు భాగాన బిగిస్తే ఆ ఎడం దానంతటదే వస్తుంది. సన్‌షేడ్‌లో బరువు మోసే కమ్మీలు పైవైపు ఉంటాయి కాబట్టి కింది నుంచి అంగుళంన్నర లోతు డ్రిల్లింగ్‌తో వాటి జోలికి పోము. పెచ్చులూడి తుప్పు కనిపిస్తున్న సన్‌షేడ్‌ని అసలు ముట్టుకోవద్దు. కళింగపట్నం, భావనపాడు వైపు ఉప్పుగాలికి మామూలు ఇనుప కొక్కేలు తొందరగా తుప్పు పడతాయి, స్టీలువే కొనండి. కింది అంచులో ఒక పైపు దూర్చి, దాన్ని చువ్వలకు జారుముడితో కట్టండి. ఈదురుగాలి లేచినప్పుడు ఒక్క లాగుతో విప్పి చుట్టేయగలగాలి.

బయటికి తెరుచుకునే చెక్క రెక్కలుంటే ఒక చిక్కు ఉంది. నాలుగడుగుల కిటికీ రెక్క రెండడుగులు, నెట్ అడుగుంపావు దూరంలో ఉంటుంది, తెరిచేటప్పుడు తగులుతుంది. ముందు రెక్కలు గోడకు బార్లా ఆనించి కొక్కెం పెట్టి, తర్వాత నెట్ దించాలి. తాటాకు తడక చల్లదనంలో దేనికీ తీసిపోదు, కానీ ఎండాకాలం నిప్పురవ్వ చాలు. వంటగది కిటికీకి, కరెంటు తీగ దగ్గర వద్దు.

అద్దె ఇల్లయి బయట ఏదీ కట్టనివ్వకపోతే, లోపలి తెర గాజు వైపు తెల్లగానో వెండి పూతతోనో ఉండాలి. తెలుపు నుంచి తిరిగి వెళ్లేది వేడిగా మారని వెలుగు, గాజు దాన్ని ఆపదు. బట్టను రెండు పక్కలా గోడకు ఆనించి, పైన చెక్క పెట్టె బిగించి మూస్తే ఆ తిరుగుడు గాలి ఆగుతుంది. రంగు గాజుకి ముదురు ఫిల్మ్ అంటించకండి. మధ్యభాగం కాగి, ఫ్రేములో దాగిన అంచు చల్లగా ఉండి, గాజు పగలొచ్చు.

మనకు కలిసొచ్చేదేమిటంటే, మధ్యాహ్నం ఎండ పడమటి నుంచి, సముద్రపు గాలి దక్షిణం, ఆగ్నేయం నుంచి. కాబట్టి పన్నెండు దాటాక పడమర మూసి, అప్పటికే నీడలోకి వచ్చిన తూర్పునీ, దక్షిణాన్నీ తెరవాలి. పడమటి వడగాలి వీచే రోజున మాత్రం అన్నీ మూసి సాయంత్రం దాకా ఆగాలి.

తడి గోనె కట్టడం ఊరిని బట్టి పనికొస్తుంది. వడగాలి రోజున బొబ్బిలిలో 42 డిగ్రీలు, తేమ 20 శాతం ఉంటే తడి గుడ్డ మీదుగా వచ్చే గాలి 24 దాకా చల్లబడగలదు. తీరాన 34 డిగ్రీలు, 70 శాతం తేమ ఉంటే 29 కిందికి దిగదు, పైగా గదిలో ఉక్క పెరుగుతుంది. అక్కడ పొడి నెట్, తెరిచిన దక్షిణపు కిటికీ, ఫ్యాను చాలు.

మేడ మీది గది అయితే ఇవన్నీ చేసినా శ్లాబు వేడి దిగుతూనే ఉంటుంది. దానికి వేరే వైద్యం కావాలి. అక్టోబరు వచ్చేసరికి నెట్లన్నీ విప్పి మడత పెట్టేయండి. 2018లో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది అక్టోబరు 11నే.