స్వస్థత ప్రార్థన అయ్యాక మందులు మానెయ్యాలా? అపోహలు - వాస్తవాలు

వందనాలండి అందరికీ. మా వైపు ఉజ్జీవ కూటాలు (స్వస్థత ప్రార్థనలు జరిగే పెద్ద సభలు) అయిపోయిన వారం పదిరోజులకి నాకు ఒకేరకం ఫోన్లు మొదలవుతాయి. "అయ్యగారూ, మా ఆయన కూటాల్లో ప్రార్థన చేయించుకున్నాక బిళ్ళలు మానేశాడండి, ఇందాక పడిపోయాడండి, మాట రావట్లేదు." ఎన్ని ఆదివారాలు చెప్పినా ఈ ఫోన్లు ఆగట్లేదు, అందుకే రాస్తున్నా, మీ సంఘం గ్రూపుల్లో పెట్టుకోండి.

అపోహ: ప్రార్థన చేయించుకున్నాక మందు వేసుకుంటే అవిశ్వాసం.

వాస్తవం: బైబిల్లో ఎక్కడా అలా లేదు. హిజ్కియా రాజుకి దేవుడే 15 ఏళ్ళ ఆయుష్షు ఇస్తానని మాటిచ్చాడు, అంతకంటే గట్టి వాగ్దానం ఎవరికి దొరుకుతుంది చెప్పండి, అయినా అదే అధ్యాయంలో యెషయా అంజూరపు పండ్ల ముద్ద ఆయన పుండుకి కట్టమన్నాడు (యెషయా 38). పౌలు చేతుల మీదుగా ఎంతోమంది బాగయ్యారు, ఆ పౌలే తనతో తిరిగిన త్రోఫిము జబ్బుగా ఉంటే మిలేతులో వదిలి వచ్చానని రాశాడు, తిమోతికి కడుపు జబ్బుకి ఏం పుచ్చుకోవాలో కూడా రాశాడు. ఆయన పక్కన ఉన్న లూకా వైద్యుడు. యాకోబు 5లో పెద్దల్ని పిలిచి నూనె రాసి ప్రార్థన చేయించుకోమని ఉంది, నేనూ చేస్తాను, స్వస్థతని మనస్ఫూర్తిగా నమ్ముతాను. మందు ఆపమని మాత్రం అందులో లేదు.

ఇంకో సంగతి. యేసు ప్రభువు కుష్ఠరోగుల్ని వెళ్ళి యాజకులకి కనబరచుకోమన్నాడు. ఆ రోజుల్లో రోగం పోయిందా లేదా అని చూసి చెప్పే పని యాజకులది. అంటే బాగైనవాళ్ళు వెళ్ళి చూపించుకోవాలనేది ఆయన మాటే కదా. మీకు స్వస్థత జరిగిందా, దేవునికి స్తోత్రం, వెళ్ళి టెస్టు చేయించుకోండి, డాక్టరే చూసి తగ్గించమంటే తగ్గించండి, ఆపమంటే ఆపండి. అప్పుడు వచ్చి సాక్ష్యం చెప్పండి, నేనే మైకు ఇస్తాను.

అసలు గొడవ ఎక్కడొస్తుందంటే మందు పనిచేసినప్పుడే వస్తుంది. టీబీ మనిషికి రెండు నెలలు బిళ్ళలు పడేసరికి దగ్గు పోతుంది, ఆకలేస్తుంది, ఒళ్ళు చేస్తుంది, సరిగ్గా అప్పుడే కూటాలు వస్తాయి, ఇంక బాగైపోయింది అనుకుని డబ్బా పక్కన పెడతాడు. మామూలు టీబీకే కోర్సు 6 నెలలు, మధ్యలో ఆపితే మిగిలిన క్రిములు మొండివై ఆ మందులకి లొంగని టీబీగా తిరగబెట్టొచ్చు, ఇంట్లో పిల్లలకీ అదే అంటుకోవచ్చు. మందులు గవర్నమెంటు ఆసుపత్రిలో ఫ్రీనే. ఫిట్స్ బిళ్ళలూ అంతే, రెండేళ్ళుగా ఫిట్స్ రాలేదంటే చాలామందికి అది ఆ బిళ్ళల వల్లే, ఒక్కసారిగా ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదకి రావచ్చు. బీపీ బిళ్ళ మానేసి పక్షవాతం తెచ్చుకున్నవాళ్ళని ప్రతి ఊళ్ళో చూస్తున్నాం.

ఇక ఇన్సులిన్. మా సంఘంలో ఒక పాపకి చిన్నప్పటి నుంచి షుగర్, టైప్ 1, అంటే ఒంట్లో ఇన్సులిన్ తయారుకాని రకం. వాళ్ళింట్లో ఫ్రిజ్ లేదు, తడి ఇసక పోసిన చిన్న మట్టి కుండలో ఇన్సులిన్ సీసా పాలిథిన్ కవర్లో చుట్టి పెట్టేది వాళ్ళమ్మ, రోజూ ఇసక మీద నీళ్ళు చల్లేది. ఒకసారి గృహదర్శనానికి వెళితే కుండలో ఇసక ఎండిపోయి ఉంది. పాప మంచం మీద వాంతులు చేసుకుంటూ ఎగశ్వాస తీస్తోంది, నోట్లోంచి మాగిన పండు వాసన. ఎవరో ఫోన్లో వాయిస్ మెసేజ్ పంపారట, ఇన్సులిన్ పొడుచుకునే ఇంట్లో దేవుడు పని చెయ్యడని. ఎవరు పుట్టిస్తారో ఇలాంటివి! వెంటనే ఆటోలో ఎక్కించి తీసుకెళ్ళాం, ఐసీయూలో పెట్టారు, దేవుని కృప వల్ల బతికింది. ఆ ఐసీయూ బయట నేల మీద కూర్చుని వాళ్ళమ్మ నన్ను అడిగిన మాట, "నా విశ్వాసం చాల్లేదా అయ్యగారూ?" నిజం చెప్తున్నా, నాకు దుఃఖం ఆగలేదు. తల్లీ, రోజూ ఆ ఇసక తడిపావే, అది ప్రేమ, అది దేవుడు చూశాడు అని చెప్పాను. టైప్ 1 వాళ్ళకి ఇన్సులిన్ అన్నం లాంటిది, పూర్తిగా ఆపితే కొద్ది రోజుల్లోనే ప్రాణం పోతుంది, ఎవరు చెప్పినా ఆపకండి.

ఆసుపత్రి అంటే లోకసంబంధమైంది అనేవాళ్ళు మన చరిత్ర చూడండి. అమెరికా డాక్టరమ్మ అన్నా కుగ్లర్ గారు 1883లో గుంటూరు వచ్చి వైద్యం మొదలుపెట్టి 1898లో ఆసుపత్రి తెరిచింది మిషనరీగానే. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో కుష్ఠరోగులకి ఆసుపత్రి పెట్టి సేవ చేసింది కూడా మిషనరీలే. మన తాతల్ని బతికించింది ప్రార్థన చేస్తూ మందు ఇచ్చిన ఆ చేతులే.

మిగతావి త్వరగా చెప్పేస్తా.

డిప్రెషన్ అంటే దయ్యం పట్టడం కాదు. ఏలీయా అంతటి ప్రవక్త బదరీ చెట్టు కింద కూర్చుని చచ్చిపోతానన్నాడు, దేవుడు ఆయన్ని గద్దించలేదు, పడుకోనిచ్చాడు, లేపి రొట్టె పెట్టాడు. మనిషిని గొలుసులతో కట్టేసి ప్రార్థన చేసే చోట్లకి మాత్రం తీసుకెళ్ళకండి, 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం గొలుసులు వెయ్యడాన్ని నిషేధించింది. చనిపోవాలనిపిస్తే 14416కి ఫోన్ చెయ్యండి, అది టెలీ మానస్ అనే గవర్నమెంటు హెల్ప్‌లైన్, డబ్బులేం అడగరు, తెలుగులో మాట్లాడొచ్చు.

జబ్బు చేసిందంటే ఏదో పాపం చేశారని కాదు, యోహాను 9 చదవండి చాలు, పుట్టుగుడ్డివాడి గురించి అడిగితే వాడూ వాడి తల్లిదండ్రులూ చేసిన పాపం వల్ల కాదని ప్రభువే అన్నాడు.

షుగర్ మందులు వాడేవాళ్ళు శ్రమల దినాల్లో (ఈస్టరుకి ముందు ఉపవాస దినాల్లో) డాక్టర్ని అడక్కుండా ఉపవాసం ఉండకండి, షుగర్ పడిపోవచ్చు. టీవీ మానండి, ఫోన్ మానండి, అదీ ఉపవాసమే.

చావింట్లో "ఏడవకమ్మా, విశ్వాసులం ఏడవకూడదు" అని దయచేసి అనకండి. లాజరు కోసం ప్రభువే కన్నీళ్లు విడిచాడు.

ఇంకొకటి, పని పోయిందనీ కానుక సంచిలో వెయ్యడానికి ఏమీ లేదనీ గుడికి రావడం మానేసినవాళ్ళు ఉన్నారు. రండి. సంచి మీ ముందుకి వస్తే పక్కవాళ్ళకి అందించండి, ఎవరూ చూడరు. మా దగ్గర స్త్రీల సమాజం వాళ్ళు గుప్పెడు బియ్యం పోగు చేస్తారు, ప్రతి పూటా వండేటప్పుడు ఒక గుప్పెడు తీసి డబ్బాలో వేసి నెలకోసారి తెస్తారు, అవి ఇలాంటి ఇళ్ళకే వెళతాయి. ఎవరింటికి వెళ్తున్నాయో నాకూ సమాజం ప్రెసిడెంట్ అమ్మగారికీ తప్ప తెలియదు. అడగడానికి మొహమాటంగా ఉంటే నాకు ఒక మిస్డ్ కాల్ ఇవ్వండి, చీకటి పడ్డాక నేనే తెచ్చిస్తాను.