గుండెల్లో మంట అంటాం, పుట్టేది అన్నవాహికలో

సంక్రాంతికి అమలాపురం దగ్గర మా ఊరు వెళ్లినప్పుడు, రాత్రి పదింటికి చేపల పులుసుతో కడుపునిండా తిని వెంటనే నడుం వాల్చిన మా బాబాయి ఒంటిగంటకి మంచం మీద లేచి కూర్చుని, రొమ్ము ఎముక మీద అరచెయ్యి పెట్టి రుద్దుకుంటున్నాడు. నోట్లోకి పుల్లనీళ్లు వచ్చాయట. "గుండెల్లో మంటరా, పులుసులో కారం ఎక్కువైంది" అన్నాడు.

కారం సంగతి తర్వాత చెబుతాను, ముందు తెరుచుకున్నది గేటు. మా వైపు మురుగుకాలవ సముద్రంలో కలిసేచోట షట్టరు సరిగ్గా పడకపోతే, పోటు సమయంలో ఉప్పునీరు వెనక్కి ఎక్కి చేను చౌడుబారుతుంది. అన్నవాహిక కింది చివర ఉన్న కండర వలయం చేసే పని కూడా ఆ షట్టరు పనే. మింగినప్పుడు తెరుచుకుని మళ్లీ బిగుసుకుంటుంది, ఛాతీకీ పొట్టకీ మధ్య అడ్డుగా ఉండే డయాఫ్రం అనే కండరం కూడా దాన్ని బయటినుంచి నొక్కి పడుతుంది. చాలామందిలో ఇది పాడైపోయి ఉండదు. కడుపు బాగా సాగినప్పుడు గాలి తేన్పుగా పోవడానికి, మెదడునుంచి కడుపుదాకా వచ్చే వేగస్ నరం ఈ వలయాన్ని పది సెకన్లకు పైగా వదులు చేస్తుంది, ఆ సందులోంచే ఆమ్లం పైకి ఎగదన్నుతుంది. కొందరికి కడుపు పైభాగం డయాఫ్రం దాటి ఛాతీలోకి జారుతుంది, అప్పుడు ఆ రెండు పట్లూ విడిపోతాయి.

కడుపు గోడకి దళసరి జిగురు పొర ఉంది, అన్నవాహికకి అలాంటి రక్షణ లేదు. ఆమ్లం కణాల మధ్య సందుల్ని వెడల్పు చేసుకుంటూ లోపలి నరాల చివర్ల దాకా చేరుతుంది. ఆ నరాల మీద టీఆర్‌పీవీ1 అనే గ్రాహకం ఉంటుంది. 1997లో దాన్ని గుర్తించిన బృందానికి నాయకుడైన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ వచ్చింది. సుమారు 43 డిగ్రీలు దాటిన వేడికీ, మిరపకాయలోని కాప్సైసిన్‌కీ, ఆమ్లానికీ మూడింటికీ అది స్పందిస్తుంది. నిప్పు తగిలినా, మిరపకాయ కొరికినా, పులితేన్పు వచ్చినా మనం అనేది 'మంట' అనే కదా, ఆ మాట ఎంత సరిగ్గా కుదిరిందో! ఇప్పటికే ఒరిసిపోయిన చోట కారం కూడా అదే గ్రాహకాన్ని తట్టిలేపుతుంది కాబట్టి బాబాయి అన్నది పూర్తిగా తప్పూ కాదు. వాపు ఉంటే ఆ నరాలు ఇంకా సున్నితమవుతాయి. ఎండోస్కోపీలో పుండు కనబడకపోయినా మంట భరించలేనంతగా ఉండటం కూడా మామూలే.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. గుండె నరాలూ అన్నవాహిక నరాలూ వెన్నుపాములో దాదాపు ఒకే చోటికి చేరతాయి. అందుకే నొప్పి ఏ అవయవానిదో మెదడుకి తేలదు. చెమటలు పట్టినా, నొప్పి చేతికో దవడకో పాకినా గ్యాస్ అనుకుని సోడా తాగుతూ కూర్చోకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

నిద్రలో లాలాజలం తగ్గుతుంది, గుటక వెయ్యడమూ తగ్గుతుంది, పైకి వచ్చిన ఆమ్లం అక్కడే నిలిచిపోతుంది. మర్నాడు మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టాం. ఎడమవైపు తిరిగి పడుకోమన్నాను, అలా పడుకుంటే కడుపులోని ఆమ్లం ఆ గేటుకంటే కిందుగా ఉంటుంది. భోజనం మాత్రం ఏడున్నరకే పెట్టెయ్యమని పిన్నికి తనే చెప్పాడు.