సెకండ్ హ్యాండ్ పెద్ద సెడాన్ కొన్నారా? "గేర్‌బాక్స్ ఆయిల్ ముట్టుకోకు" అన్నవాళ్ల మాట వినకముందు ఇది చదవండి (అపోహలు - వాస్తవాలు)

పాత పెద్ద సెడాన్ కొనుక్కుని షెడ్డుకి వచ్చేవాళ్లలో చాలామంది తాళం చేతికిస్తూనే ఒక షరతు పెడతారు. "ఇంజిన్ ఆయిల్ మార్చన్నా, ఫిల్టర్లు మార్చు, బ్రేకులు చూడు, ఏమైనా చెయ్యి కానీ గేర్‌బాక్స్ ఆయిల్ మాత్రం ముట్టుకోవద్దు, ముట్టుకుంటే గేర్‌బాక్స్ పోద్దంట." ఎవరు చెప్పారయ్యా అంటే బావమరిది చెప్పాడు, అమ్మినాయన చెప్పాడు, ఏదో వీడియోలో చూశా. ఈ ఒక్క మాట నమ్మి మంచి మంచి బళ్లు తుక్కు కింద పోవడం చూసి చూసి విసుగొచ్చి రాస్తున్నా. మిగతావి చివర్లో గబగబా చెప్పేస్తా, ఇది మాత్రం పూర్తిగా చదవండి, ఎందుకంటే వయసైపోయిన పెద్ద కారులో ఆటోమేటిక్ గేర్‌బాక్స్ పోయిందంటే దాన్ని విప్పి బాగుచేయించే ఖర్చు చాలాసార్లు కారు విలువకి దగ్గరగా వచ్చేస్తుంది, ఇంజిన్ బాగున్నా బాడీ బాగున్నా ఇంక ఎవడూ దాని మీద డబ్బు పెట్టడు.

అపోహ: ఆ ఆయిల్ లైఫ్‌టైమ్ అంట, అసలు మార్చక్కర్లేదంట.

వాస్తవం: కొత్త కారు కొన్నాయన వారంటీ అయ్యేదాకా, మహా అయితే ఇంకో నాలుగేళ్లు తిప్పి అమ్మేస్తాడు. ఆ నాలుగేళ్లలో సర్వీసు ఖర్చు తక్కువ అని చూపించుకోవడం కార్ల కంపెనీలకి కావాలి. మనం కొనేది ఆ తర్వాత కదా, మన గోడు వాళ్లకెందుకు. గేర్‌బాక్స్ తయారుచేసేవాళ్లు ఏమంటున్నారో చూడండి. జర్మనీలో జెడ్‌ఎఫ్ అని పెద్ద కంపెనీ ఉంది, బీఎండబ్ల్యూ, ఆడి, జాగ్వార్ లాంటి పెద్ద సెడాన్లలో ఉండే 6 గేర్ల, 8 గేర్ల ఆటోమేటిక్‌లు చాలావరకు వాళ్లవే. కార్ల కంపెనీ లైఫ్‌టైమ్ అని రాసిన అదే గేర్‌బాక్స్‌కి జెడ్‌ఎఫ్ వాళ్లు 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్యలో, లేదా 8 ఏళ్లకి, ఏది ముందొస్తే అప్పుడు ఆయిల్ మార్చమంటారు. తయారుచేసినవాడే మార్చు అంటుంటే వద్దనడానికి బావమరిది ఎవరు?

ఇంకొకటి, మాన్యువల్ చివర్లో ఎవరూ తిప్పని పేజీ ఒకటుంటుంది, కఠినమైన వాడకానికి వేరే షెడ్యూల్ అని. ట్రాఫిక్‌లో ఆగుతూ సాగడం, మండే ఎండలు, కొండ దారులు, ట్రైలర్ లాగడం, ఇంటి చుట్టుపక్కల చిన్న చిన్న దూరాలే తిరగడం, ఇవన్నీ దాని కిందకే వస్తాయి. మన వాడకం మామూలు వాడకం అని అందరూ అనుకుంటారు గానీ నిజాయితీగా చూసుకుంటే ఎక్కువమంది ఆ రెండో షెడ్యూల్‌లోనే ఉంటారు.

అసలు ఆ ఆయిల్ చేసే పని తెలిస్తే ఈ వాదనే ఉండదు. ఇంజిన్ ఆయిల్‌లా అరుగుదల ఆపడం ఒక్కటే కాదు, క్లచ్ ప్లేట్లని ప్రెజర్‌తో నొక్కి పట్టుకునేది అదే, టార్క్ కన్వర్టర్‌లో (ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఆయిల్‌తో తిరిగే భాగం) ఇంజిన్ బలాన్ని గేర్ల వైపు మోసేది అదే, వేడిని బయటికి లాగేది అదే, ప్లేట్లు ఎక్కడ మెత్తగా జారాలి ఎక్కడ గట్టిగా పట్టాలి అనేది కూడా దాంట్లో కలిపిన రసాయనాలే చూసుకుంటాయి. ఆ రసాయనాలు వేడికి కరిగిపోతూ ఉంటాయి. ఆయిల్ వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగితే అది పాడయ్యే వేగం దాదాపు రెట్టింపు అని ఇంజినీర్లు వాడే ఒక మోటు లెక్క ఉంది. పెద్ద సెడాన్ అంటే బరువు ఎక్కువ, ఇంజిన్ టార్క్ ఎక్కువ, ప్రతి గేరు మార్పులో ప్లేట్ల మీద పడే భారం చిన్న కారు కంటే ఎక్కువ. పైకి ఏమీ తెలియదు, బండి మెత్తగానే పోతుంటుంది, అదే మోసం.

అపోహ: ఎక్కువ తిరిగిన బండికి ఆయిల్ మారిస్తే గేర్‌బాక్స్ పోతుంది.

వాస్తవం: ఇది పుట్టిన తీరు చెప్తా. జనం బండి బాగున్నప్పుడు ఆయిల్ మార్పించరు. గేరు జారడం మొదలయ్యాక, డ్రైవ్‌లో వేస్తే రెండు సెకన్లు ఆలస్యంగా కదలడం మొదలయ్యాక, అప్పుడు పరుగెత్తుకొస్తారు. అప్పటికే ప్లేట్ల మీద పొర అరిగిపోయి ఆయిల్‌లో పొడిగా తిరుగుతుంటుంది. కొత్త ఆయిల్ పోస్తారు, నెలకో రెండు నెలలకో పోతుంది, "చూశావా, మార్చాక పోయింది" అంటారు. ఆస్పత్రిలో చేర్చాక పోయాడు కాబట్టి ఆస్పత్రే చంపింది అన్నట్టుంటుంది ఈ లెక్క. పోయేదే పోయింది, ఆయిల్ మీద నింద పడింది.

అలాగని అన్నీ పుకార్లే అని కొట్టిపారెయ్యను. మూడు సందర్భాల్లో ఆయిల్ మార్చడం వల్ల నిజంగానే నష్టం జరుగుతుంది. ఒకటి, తప్పు ఆయిల్ పొయ్యడం. ఎర్రగా ఉన్నవన్నీ ఒకటి కాదు, ఒక్కో గేర్‌బాక్స్‌కి ఒక్కో స్పెసిఫికేషన్, సీవీటీ (విడివిడి గేర్లు లేకుండా బెల్టుతో నడిచే ఆటోమేటిక్) అయితే దాని ఆయిలే వేరు, దాంట్లో మామూలు ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) పోస్తే బెల్టు జారి పాడైపోతుంది. అన్ని బళ్లకీ సరిపోతుంది అని డబ్బా మీద రాసినదాన్ని నేనైతే పెద్ద బండిలో పొయ్యను. రెండు, లెవెల్ తప్పడం. ఇప్పటి గేర్‌బాక్స్‌లు చాలావాటికి డిప్‌స్టిక్ ఉండదు, బండి సమంగా లేపి, ఇంజిన్ నడుస్తుండగా, ఆయిల్ కంపెనీ చెప్పిన వేడికి వచ్చాక చెక్ ప్లగ్ విప్పి చూడాలి, ఆ వేడి స్కానర్‌లోనే (కారు కంప్యూటర్‌ని చదివే పరికరం) తెలుస్తుంది. చల్లగా ఉన్నప్పుడు చూసి సరిపోయింది అనుకుంటే వేడెక్కాక లెక్క తప్పుతుంది. అందుకే ఏ మెకానిక్‌కైనా ఇచ్చేముందు "లెవెల్ ఎలా చూస్తారు" అని ఒక్క ప్రశ్న అడగండి, స్కానర్ మాట, వేడి మాట రాకపోతే మర్యాదగా బండి వెనక్కి తీసుకొచ్చేయండి. మూడు, పాతబడిన గేర్‌బాక్స్‌కి రసాయనం కలిపి మెషిన్‌తో బలంగా కడిగెయ్యడం. అడుగున పేరుకున్న మడ్డి కదిలి వాల్వ్ బాడీ (ఆయిల్‌ని ఎటు పంపాలో చూసే భాగం) సన్న దారుల్లో ఇరుక్కునే ప్రమాదం ఉంది, దానికి నేను ఒప్పుకోను.

చరిత్ర తెలియని బండికి నేను చేసే పద్ధతి నిదానంగా ఉంటుంది. డ్రెయిన్ ప్లగ్ విప్పితే మొత్తం ఆయిల్ రాదు, సగానికి పైగా టార్క్ కన్వర్టర్‌లోనూ గొట్టాల్లోనూ ఉండిపోతుంది. ఒక దెబ్బలో 40 శాతం వచ్చింది అనుకుందాం, అంతే కొత్తది పోసి కొన్ని వందల కిలోమీటర్లు తిప్పి మళ్లీ దించి, ఇంకోసారి అలాగే చేస్తే, మూడో మార్పుకి లోపల దాదాపు 78 శాతం కొత్త ఆయిల్ అవుతుంది. లోపలి భాగాలకి ఒక్కసారిగా మార్పు తెలియదు, నెల రెండు నెలల్లో పని అయిపోతుంది. పాన్ (గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే తట్ట) విప్పే వీలుంటే ఫిల్టర్ మార్చి, దాంట్లో ఉండే మాగ్నెట్లు చూడండి. బూడిద రంగు మెత్తటి పేస్టు ఉంటే భయపడకండి, అది మామూలు అరుగుదల. చేతికి తగిలే రేకు ముక్కలు ఉంటే, నల్లటి ప్లేట్ ముక్కలు ఉంటే, అప్పుడు ఆలోచించాలి. అప్పటికే గేరు జారుతుంటే మాత్రం ఆయిల్ మారిస్తే బాగవుతుందని నేనెవరికీ మాటివ్వను, అలాంటి బండి తెచ్చినవాళ్లకి ముందే కూర్చోబెట్టి చెప్తా.

ఒక పిల్లాడు గుర్తొస్తున్నాడు. మొదటి కారు, పెద్ద వీ6 సెడాన్, ముచ్చటపడి కొనుక్కున్నాడు, కొన్న నెలకే గంటకి 60 కిలోమీటర్ల మీద నెమ్మదిగా పోతుంటే బండి వణుకు. ఇద్దరు మెకానిక్‌లు చూసి గేర్‌బాక్స్ దించాలన్నారట, నా దగ్గరికి వచ్చేసరికి నిద్రలేక మొహం పీక్కుపోయి ఉన్నాడు పాపం. "అన్నా, అమ్మేస్తే ఎంతొస్తుంది" అన్నాడు, బాగవుతుందా అని కూడా అడగలేదు. పక్కన కూర్చుని తిప్పించి చూశా. ఆ వేగంలో టార్క్ కన్వర్టర్ లాక్ అయి ఉంటుంది, అంటే ఇంజిన్, గేర్‌బాక్స్ నేరుగా కలిసి తిరుగుతాయి, ఎడమ కాలితో బ్రేక్ పెడల్‌ని లైటు వెలిగేంత మాత్రమే తాకితే లాక్ వదిలేస్తుంది. కన్వర్టర్ వణుకైతే అప్పుడు ఠక్కున ఆగాలి. ఇక్కడ తగ్గింది గానీ ఆగలేదు. ఇది సూచన మాత్రమే, తీర్పు కాదు (రోడ్డు ఖాళీగా ఉంటేనే చెయ్యండి), అందుకే స్కానర్ పెట్టి చూస్తే ఒక సిలిండర్‌లో మిస్‌ఫైర్ (పెట్రోల్ సరిగ్గా మండకపోవడం) లెక్క పెరుగుతూ పోతోంది. ఒక ఇగ్నిషన్ కాయిల్, ఒక సెట్టు ప్లగ్గులు, అయిపోయింది. ఆ గేర్‌బాక్స్‌కి ఏ రోగమూ లేదు. గేర్‌బాక్స్ దించాలని ఎవరైనా అంటే ముందు ప్లగ్గులు, కాయిళ్లు, ఇంజిన్ మౌంటింగులు, బ్యాటరీ వోల్టేజీ చూశారా అని అడగండి, ఈ నాలుగూ గేర్‌బాక్స్ రోగంలా నటిస్తాయి.

గేర్‌బాక్స్‌కి సంబంధించి ఇంకొక్కటి చెప్పి వదిలేస్తా. చాలా ఆటోమేటిక్ బళ్లలో గేర్‌బాక్స్ ఆయిల్‌ని చల్లబరిచే గొట్టం రేడియేటర్ లోపలే ఉంటుంది. పాత రేడియేటర్ లోపల చిల్లు పడితే కూలెంట్ పోయి గేర్‌బాక్స్‌లో కలుస్తుంది, ఆయిల్ గులాబీ రంగు నురగలా అయిపోతుంది, ప్లేట్ల పొరని పట్టుకున్న జిగురు ఊడిపోతుంది. కాబట్టి పాత రేడియేటర్‌కి అడ్డమైన లీకు మందులు పోసి నెట్టుకురాకండి.

ఇంక మిగతావి.

"తక్కువ కిలోమీటర్లు తిరిగింది కాబట్టి మంచి బండి." కాదు. ఫోర్డ్ క్రౌన్ విక్టోరియా అని 2011 దాకా తయారైన అమెరికన్ పెద్ద సెడాన్, పోలీసులూ ట్యాక్సీవాళ్లూ లక్షల కిలోమీటర్లు తిప్పారు, క్రమం తప్పని సర్వీసు ఉంది కాబట్టి తిరిగాయి. పదిహేనేళ్లు షెడ్డులో నిలబడ్డ బండిలో రబ్బరు సీళ్లు, బుష్‌లు, హోస్ పైపులు ఎండిపోయి ఉంటాయి, రోజూ రెండు కిలోమీటర్లే తిరిగిన బండిలో ఇంజిన్ ఆయిల్ ఎప్పుడూ సరిగ్గా వేడెక్కక తేమ మిగిలిపోతుంది. టైరు పక్కన చివర నాలుగు అంకెలు చూడండి, 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. గాడి ఎంత లోతున్నా పదేళ్లు దాటితే తీసెయ్యండి.

"రేడియేటర్‌లో నీళ్లు పోస్తే చాలు." దారిలో ఆగిపోతే ఇంటికి చేరేదాకా చాలు, అంతే. కూలెంట్ తుప్పు ఆపుతుంది, మరిగే వేడిని పెంచుతుంది, సగం కూలెంట్ సగం డిస్టిల్డ్ వాటర్ కలిపి మంచి మూత పెట్టాలి. రంగు చూసి కొనకండి, ఏ రంగు ఏ రకం అన్నదానికి కంపెనీల మధ్య ఒప్పందం ఏమీ లేదు. టెంపరేచర్ ముల్లుని కూడా మరీ నమ్మకండి, చాలా బళ్లలో అది కొంచెం వేడి అటూ ఇటూ అయినా మధ్యలోనే నిలబడేలా చేసి పెడతారు, అది పైకి లేచిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు. లేచిందా, ఇంకొక్క కిలోమీటరే కదా అని నడపకండి, పక్కకి ఆపి ఇంజిన్ కట్టెయ్యండి, అల్యూమినియం హెడ్ వంగిపోతుంది.

"టైమింగ్ చైన్ (ఇంజిన్ లోపల వాల్వులని సరైన సమయానికి తిప్పేది, కొన్ని బళ్లలో దాని బదులు బెల్ట్ ఉంటుంది) ఉన్న బండికి బెంగ లేదు." బెంగ తక్కువ, లేకపోలేదు. ఇంజిన్ ఆయిల్ ఆలస్యం చేస్తే చైన్ సాగుతుంది, టెన్షనర్ వదులవుతుంది, స్టార్ట్ చేసిన మొదటి సెకన్లలో గలగల వినిపిస్తుంది. బెల్ట్ అయితే కిలోమీటర్లతో పాటు ఏళ్లు కూడా లెక్కే. టొయోటా అవలాన్ అమెరికా మోడల్ 2004 దాకా బెల్ట్‌తో వచ్చింది, 90,000 మైళ్లకి మార్చాలి, 2005 నుంచి చైన్. పేరు ఒకటే, పని వేరు, కాబట్టి మోడల్ సంవత్సరం చూసుకుని అడగండి. బెల్ట్ మారిస్తే వాటర్ పంపు కూడా అప్పుడే వేయించండి, మళ్లీ అదంతా విప్పుకోవడం ఎందుకు.

"ప్రీమియం పెట్రోల్ పోస్తే పాత ఇంజిన్‌కి బలం." మాన్యువల్‌లో అడగకపోతే దండగ. "సింథటిక్ పోస్తే లీకులొస్తాయి." సీలు అప్పటికే పోయి ఉంటుంది, మడ్డి అడ్డుపడి ఆపుతోంది, సీలు మార్చుకోండి.

ఆఖరిది, "చెక్ లైట్ వెలగట్లేదు, అంతా బాగుంది." అమ్మేముందు రోజు స్కానర్‌తో తుడిచేస్తే లైటు వెలగదు. అమెరికాలో 1996 నుంచి, యూరప్‌లో పెట్రోల్ కార్లకి 2001 నుంచి ఓబీడీ పోర్టు (కారు కంప్యూటర్‌కి రీడర్ తగిలించే సాకెట్) తప్పనిసరి, స్టీరింగ్ కింద ఉంటుంది, చిన్న రీడర్ ఎవరికైనా దొరుకుతుంది. దాంట్లో కోడ్‌లు చూసి ఆగిపోకండి, రెడీనెస్ మానిటర్లు అని ఉంటాయి, కారు తనని తాను పరీక్షించుకోవడం పూర్తయిందో లేదో చెప్పేవి, అవి చూడండి. సగానికి సగం ఇంకా రెడీ కాలేదు అని చూపిస్తే ఈమధ్యే ఎవరో కోడ్‌లు తుడిచారు, లేదా బ్యాటరీ తీశారు. బ్యాటరీ మార్చామండీ అంటారు, నిజమే కావచ్చు, అయితే బేరం నాలుగు రోజులు ఆపి, ఆయన్ని మామూలుగా తిప్పమని చెప్పి, మానిటర్లు రెడీ అయ్యాక మళ్లీ వెళ్లి చూడండి.