విగ్రహాలు, గుర్తులు: అపోహలు - వాస్తవాలు

అపోహ: శంఖచక్రాలు కనబడ్డాయంటే విష్ణువు. ఇక చూడాల్సిందేమీ లేదు.

వాస్తవం: అసలు సంగతి ఏ చేతిలో ఏముందన్న దాంట్లోనే ఉంది. శంఖం, చక్రం, గద, పద్మాలను నాలుగు చేతుల్లో 24 రకాలుగా అమర్చవచ్చు. ఆచమనంలో చెప్పుకునే కేశవ నామాలు 24కూ ఒక్కో అమరిక ఉంది. కింది కుడిచేతితో మొదలుపెట్టి పై కుడి, పై ఎడమ, కింది ఎడమ వరుసలో చదవాలి. పద్మం, శంఖం, చక్రం, గద వస్తే కేశవుడు. శంఖం, గద చోట్లు మారితే త్రివిక్రముడు. కొన్ని పేర్ల దగ్గర గ్రంథాలకు తేడాలున్నాయి కాబట్టి దేని ప్రకారం చెబుతున్నారో కూడా చెప్పాలి. వేంకటేశ్వరుడికి ఈ లెక్క పనికిరాదు. ఆయన కింది చేతుల్లో ఒకటి వరమిచ్చే వరద హస్తం, ఇంకోటి నడుం మీద ఆనే కటి హస్తం. గదా పద్మాలు ఉండవు.

కుడి అంటే విగ్రహానికి కుడి, మనకు ఎడమ. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. ఫ్లెక్సీలతో ఇంకో చిక్కు. రెండు పక్కలా సమంగా ఉండాలని ఫొటోను అద్దంలో చూసినట్టు తిప్పేస్తారు, దాంతో వేంకటేశ్వరస్వామి చక్రం ఎడమచేతికి పోతుంది. దేవుడి బొమ్మ విషయంలో ఇది చిన్న తప్పు కాదు. ప్రింటుకిచ్చే ముందు జంధ్యం చూడండి: ఎడమ భుజం మీంచి కుడివైపుకు దిగాలి. కుడి భుజం మీద కనబడితే ఫొటో తిరగబడినట్టే.

అపోహ: పద్మాసనంలో ధ్యానం చేస్తుంటే బుద్ధుడే.

వాస్తవం: ముందు ఒంటిమీద బట్ట ఉందేమో చూడాలి. బుద్ధుడికి ఛాతీ మీదో మణికట్టు దగ్గరో సన్నటి గీతలాగైనా వస్త్రం అంచు తెలుస్తుంది. జైనుల దిగంబర తీర్థంకరుడికి అదీ ఉండదు. పడగ చూసి తొందరపడొద్దు. తీర్థంకరుల్లో పార్శ్వనాథుడికీ ఉంటుంది, నాగరాజు ముచిలిందుడు గొడుగు పట్టిన బుద్ధుడికీ ఉంటుంది. తీర్థంకరుడెవరో తేల్చేది పీఠం మధ్యలోని లాంఛనం, అంటే ఆయన గుర్తు: ఎద్దయితే ఋషభనాథుడు, సింహమైతే మహావీరుడు. సింహాసనానికి రెండు చివర్లా ఉండే సింహాలను లాంఛనమనుకుని ప్రతి తీర్థంకరుణ్నీ మహావీరుణ్ని చేసేస్తుంటారు. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో బౌద్ధ, జైన శిల్పాలు రెండూ ఉన్నాయి, పక్కపక్కన పోల్చి చూడండి.

హుస్సేన్‌సాగర్ బుద్ధుడు వరమిస్తున్నాడనడమూ సరికాదు. పైకెత్తిన అరచెయ్యి అభయం, "భయపడకు" అని. వరదహస్తమైతే అరచెయ్యి కిందికి వాలి ఉంటుంది.

అపోహ: పీర్ల మీది పంజా ఒక దేవుడి చెయ్యి.

వాస్తవం: పీరునే అలం అంటారు, అలం అంటే జెండా. 680లో కర్బలా యుద్ధంలో ప్రవక్త మనవడు హుస్సేన్ పక్షాన జెండా మోసిన అబ్బాస్‌ను అది తలపిస్తుంది. పంజాలోని అయిదు వేళ్లు ముహమ్మద్ ప్రవక్త, అలీ, ఫాతిమా, హసన్, హుస్సేన్‌లకు గుర్తు. పాతబస్తీలో మొహర్రానికి అలంలు నిలిపే బాద్‌షాహీ ఆషుర్‌ఖానా గోడల మీద రంగు పలకలతో అలం ఆకారాలే తీర్చారు. పీర్ల పండుగకు దట్టీలు కట్టే హిందువుల ఇళ్లలోనైనా పిల్లలకు ఈ అయిదు పేర్లూ చెప్పాలి.

అపోహ: తెల్లటి బోర్డు మీద ఎర్ర ప్లస్ డాక్టర్ల గుర్తు.

వాస్తవం: అది రెడ్‌క్రాస్‌కూ సైనిక వైద్య సేవలకూ చెందిన రక్షణ చిహ్నం. యుద్ధంలో దీన్ని చూసే కాల్పులు ఆపాలి, అందుకే ఎవరు పడితే వాళ్లు వాడకూడదు. 1960 నాటి జెనీవా కన్వెన్షన్ల చట్టం మన దేశంలో అనుమతి లేని వాడకాన్ని నిషేధించింది. గల్లీ క్లినిక్‌కూ, కారు అద్దానికీ ఇదే వర్తిస్తుంది. రెండు పాములు, రెక్కలున్న కర్ర కూడా వైద్యానిది కాదు. గ్రీకుల వర్తక దేవుడు హెర్మీస్‌ది. 1902లో అమెరికా సైనిక వైద్య విభాగం తీసుకున్నాక ఆ గందరగోళం బాగా పెరిగింది. బోర్డు రాయించేటప్పుడు గ్రీకుల వైద్యదేవుడు అస్క్లిపియస్ కర్ర వేయమనండి: ఒకే పాము, రెక్కలుండవు.